గురక రాదు సార్

నాకు గురక వస్తదని ఒప్పుకునేటందుకు పద్దెనిమిదేండ్లు వట్టింది. ఇప్పుడు రాస్తాంటె సుత చెయ్యి ఆగుతాంది. దొంగతనం చేసిన్నని చెప్పుకునుడు జర అల్కగ ఉంటదేమో గని, ఆడిది అయ్యుండి ఇల్లు దద్దరిల్లేటట్టు గురక వెడతదని చెప్పుకునుడు మస్తు కష్టం. నేను చెప్పలే. దానితోని నా ఒక్కదాని పానం మీదికే వస్తె నా కర్మ అనుకుంటుంటి. కని వచ్చింది మా ఆయమ్మ మీదికి. ఆమె కొలువు పోయింది, ఊర్లె పేరు పోయింది. రెండూ పోగొట్టింది నేనే.

నేను దంతాలపల్లి అవతల ఒక ఊర్లె అంగన్‌వాడీ టీచర్‌ను. పుట్టింది జనగామల, ఇచ్చింది ఈ ఊరికి. ఒక రూము, పక్కన వంటర్ర, ఎనుక బోరింగు, గోడల మీద రంగులేసిన చిలుక, ఏనుగు, గంతే మా సెంటరు. మూడేండ్ల నుంచి ఆరేండ్ల దాక పిల్లలు పదమూడు మంది. కడుపుతోటి ఉన్నోళ్లు, బాలింతలు వచ్చి బువ్వ తిని పోతరు. ఇరవై ఏండ్ల సంది నాతోని పనిచేసింది ఒక్క ఆయమ్మనే. నా కన్న పదిహేనేండ్లు పెద్దది. నలుగుర్ల ఉంటె నన్ను టీచర్ అనేది, ఇద్దరమే ఉంటె బిడ్డా అనేది. వండుడు, గిన్నెలు తోముడు, పిల్లల ముక్కులు తుడుసుడు ఆమె పని. రిజిస్టర్లు, ఫోన్ల యాప్, పాటలు, మాటలు నా పని.

గురక నాకు రెండో కాన్పు తర్వాత మొదలైంది. ఒళ్లొచ్చింది, దాని ఎంబడే గురక వచ్చింది. అప్పుడు మా అత్త బతికే ఉన్నది. ఒకనాడు పొద్దుగాల చాయ్ తాక్కుంట, "రాత్రి మనింట్ల ఎవలన్న పిండిగిర్ని పెట్టిన్రా" అన్నది. అందరు నవ్విన్రు. మా మరిది నవ్విండు, మా ఆయన గూడ నవ్విండు. నేను గిలాస కింద వెట్టి వంటింట్లకు పోయిన. నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, కని ఆనాడు కోపం రాలే, సిగ్గయింది. మొగోడు గురక వెడితె పాపం కష్టం చేసి అలసిండు అంటరు. ఆడిది వెడితె ఇగ గదేం ఆడిది అన్నట్టు చూస్తరు. ఆ దినమే మా ఆయన చెయ్యి వట్టి నా తల మీద వెట్టుకొని ఒట్టేయించిన. ఎవలకు చెప్పద్దు, మా తల్లిగారోళ్లకు అసలే చెప్పద్దు. ఒట్టు తప్పితె నాకేమన్న అయితదని ఆయనకు భయం. పిచ్చి మనిషి, పద్దెనిమిదేండ్లు ఆ మాట నిలవెట్టుకున్నడు.

పెండ్లిండ్లకు పోతె ఫంక్షన్ హాల్ల ఆడోళ్లంత చాపలేసుకొని ఒక్కకాడ పండుకుంటరు గద. నేను ఉండకపోయేది. ఆఖరి బస్సుకు ఇంటికొచ్చేదాన్ని. "మా వదినెకు మస్తు గర్వం, మనతోని పండుకుంటె అరిగిపోతది" అనేటోళ్లు. అనుకోనీ అనుకున్న. గర్వమని పేరొచ్చినా నయమే, గురకని రావద్దు. జాతరకు పోయినప్పుడైతె తెల్లందాక పొయ్యికాడనే కూసున్న. అక్కడ నాకు మంచి పేరొచ్చింది, పనిమంతురాలని.

ఐదారేండ్ల కింద పానం మారుడు మొదలైంది. లేస్తనే తలకాయ నొస్తుండె. నోరు ఎండి నాలిక అతుక్కుంటుండె. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తుంటి. ఎనిమిది గంటలు పండుకున్నా ఎవలో నాతోని రాత్రంత నాట్లు ఏయించినట్టు ఒళ్లు పులిసిపోతుండె. బీపీ వచ్చింది. పిల్లలకు పాట చెప్పుకుంట నడుమల మర్చిపోతుంటి, పిల్లలే అందుకొని పాడేటోళ్లు. ఎక్కడ కూసుంటె అక్కడ కన్నంటుకునేది. మీటింగుల కూసుంటె గోరుతోని నా చెయ్యి నేనే గిల్లుకుంటుంటి.

మహబూబాబాద్ల ఒక డాక్టర్‌కు చూపిచ్చుకున్న. మంచోడు, అన్ని నిమ్మలంగ అడిగిండు. రక్తం చూపిచ్చిండు, షుగర్ చూపిచ్చిండు, థైరాయిడ్ చూపిచ్చిండు. కాయిదాలు తిరగేసుకుంట, "రాత్రి గురక వస్తదా అమ్మా" అని అడిగిండు. తలుపు తెరిచే ఉన్నది. బయట బెంచీ మీద మా ఊరి ఆడోళ్లు ఇద్దరు కూసున్నరు.

"గురక రాదు సార్" అన్న.

డాక్టర్ మా ఆయన దిక్కు చూసిండు. మా ఆయన పైన పంక దిక్కు చూసిండు. డాక్టర్ ఇంకేమడుగుతడు. రక్తం తక్కువున్నదని గోలీలు, బీపీకి గోలీలు రాసిచ్చిండు. బస్సెక్కినంక మా ఆయన మెల్లగ, "చెప్తె ఏమైతుండె" అన్నడు. "నువ్వు నోరు మూసుకొని కూసో" అన్న. కూసున్నడు. ఆ ఒక్క ముచ్చట ఆనాడు చెప్పుంటె తర్వాతది ఏదీ అయ్యేది గాదు. ఎన్నిసార్లు అనుకున్ననో, అనుకున్నప్పుడల్ల నా మీద నాకే అసహ్యమైతది.

రక్తం గోలీలు మింగినా నిద్రమబ్బు పోలే. నాకు నిద్ర సాల్తలేదని నాకు నేనే తీర్మానం చేసుకున్న. మా ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గర నిద్రగోలీలు తీసుకున్న. ఏసుకుంటె రాత్రి సోయి లేకుంట పడిపోతుంటి, తెల్లారి ఇంకింత ఆగమైతుంటి. మంచిగ పండుకుంటున్న గద, మల్ల ఎందుకిట్ల అని గోలీ ఇంకొకటి పెంచుకున్న. గంత తెలివి నాది.

మా ఆయమ్మ ఇదంత చూస్తనే ఉన్నది. మధ్యాహ్నం పిల్లలను పండవెట్టినంక నేను గోడకు ఒరిగి కన్ను మూస్తె ఏమనకపోయేది. సూపర్‌వైజర్ మేడం స్కూటీ సప్పుడైతె వంటర్రల గంజు మీది మూత కింద ఏసేది. నేను దిగ్గున లేచి రిజిస్టర్ ముంగటేసుకునేదాన్ని. "ఇంట్ల పని ఎక్కువైతాందా బిడ్డా, జర ఒళ్లు చూస్కో" అనేది. నా గురక ఆమె ఎన్ని మధ్యాహ్నాలు ఇన్నదో. ఊర్లె ఒక్కలతోని అనలే. ఒట్టేయించుకోకుంటనే దాసింది.

రెండేండ్ల కింద చలికాలం. ఊరంత మిరపకాయ ఏరవోయింది. పిల్లలు తిన్నరు, గుడ్లు పంచినం, చాపలేసి పండవెట్టినం. ఆయమ్మ గిన్నెలు వట్టుకొని బోరింగుకాడికి పోయింది. అప్పుడు లోపట ఉండాల్సింది నేను. తలుపుకు గొళ్లెం పెట్టుడు గూడ నా పనే. గొళ్లెం పెడదామని లేవబోయిన్నో, లేవాలని అనుకున్ననో, గది సుత యాదికి లేదు. ఫోన్ల హాజరు ఎక్కిస్త ఎక్కిస్తనే పోయిన.

పిల్లల్ల మూడున్నరేండ్ల పోరి ఒకతి ఉండె. వాళ్లమ్మ రోడ్డవతల తోటల కూలికి పోయింది. ఈ పోరి పండుకోలే. లేచి, నన్ను దాటుకొని, తలుపు నూకి ఎల్లిపోయింది. మిల్లు దిక్కు ట్రాక్టర్లు పోయే రోడ్డది. వడ్ల బస్తాలతోని వస్తున్న ఒక ట్రాక్టర్ ఆమె ముంగట ఆగింది. ఎంత ముంగట అంటె, డ్రైవర్ కిందికి దిగి టైరు వట్టుకొని నిలవడ్డడట. ఆయమ్మ గిన్నెలు తీసుకొని లోపటికి వచ్చి చూస్తె చాప మీద ఒకతి తక్కువున్నది. గిన్నెలు ఆన్నే ఏసి ఉరికింది. డ్రైవర్ బిడ్డను సంకనేసుకొని ఎదురొచ్చిండు. పోరి ఏడవలే. తినకుంట దాసుకున్న గుడ్డు చేతిల పట్టుకొనే ఉన్నది.

నాకు మెల్కువొచ్చింది ఆ లొల్లికి. నేను లేచి గడపలకు వచ్చేసరికి రోడ్డు మీద ఆయమ్మ, డ్రైవర్, మిల్లుకాడి మనుషులు, తోట నుంచి ఉరికొచ్చిన ఆ తల్లి. నేను పండుకున్నది ఆయమ్మ తప్ప ఎవలూ చూడలే. అందరికి కనవడ్డది కొంగు జారి ఉరికిన ఆయమ్మనే. ఆ తల్లి బిడ్డను గుంజుకొని ఆయమ్మను తిట్టవట్టింది. నోటికి ఎంతొస్తె అంత. పిల్లలను సంపనీకి ఉన్నవా ముసల్దానా, నీ ఇంట్ల పీనుగెల్ల అన్నది. ఆయమ్మ నా దిక్కు ఒక్కసారి చూసింది. నేను రిజిస్టర్ దిక్కు చూసిన. "గొళ్లెం నేనే ఎయ్యలే తల్లీ, నాదే తప్పు" అన్నది ఆయమ్మ.

గంతటితోని ఆగుంటె గూడ నేను ఇంత పాపం మూటగట్టుకోకపోదును. తెల్లారి సూపర్‌వైజర్ మేడం వచ్చింది. ఏమైందో రాసి, ఇద్దరు సంతకాలు పెట్టియ్యిన్రి అన్నది. రాసేది నేనే గద. తెల్లకాయిదం ముంగటేసుకున్న. గొళ్లెం సంగతి రాస్తె, టీచర్ లోపట ఉండి ఏం చేస్తున్నదని అడుగుతరు. ఆ అడుగుడే రావద్దనుకున్న. "టీచర్ వంటగదిలో ఉన్న సమయంలో ఆయా పిల్లల పక్కన నిద్రపోయినందున" అని రాసిన. నా నిద్ర తీసి ఆమె నెత్తిన వెట్టిన. మంచి దస్తూరి నాది, ఒక్క అక్షరం కొట్టేసుడు లేదు.

కాయిదం ఆయమ్మ ముంగట వెట్టిన. "ఏం రాసినవ్ బిడ్డా" అన్నది.

"ఉన్నదే రాసిన, సంతకం పెట్టు" అన్న.

కాయిదం చేతిల వట్టుకొని జరసేపు చూసింది. సంతకం పెట్టింది. ఆమెకు సంతకం తప్ప ఏమీ రాదని నేననుకున్న. నెల తిరగకముందే పై ఆఫీసు నుంచి తీసేసినట్టు ఆర్డర్ వచ్చింది. రిటైర్మెంట్‌కు ఇంక రెండేండ్లే ఉండె. వేరే ఊర్లల్ల ఆయమ్మలు దిగిపోతె చీర పెట్టి, దండేసి, పిల్లలతోని పాట పాడిపిచ్చి ఇంటిదాక తోలుకపోతరు. మా ఆయమ్మ తన ఏప్రాన్ ఉతికి, మడతవెట్టి, వంటర్రల అటక మీద వెట్టి పోయింది. ఊర్లె ఉండలేక కాటారం దిక్కు బిడ్డ దగ్గరికి పోయింది. నేను బస్టాండ్ దాక సుత పోలే.

ఆమె పోయినంక ఏడాది నేను ఎట్ల బతికిన్నంటె, ఆ ముచ్చట తలుపుకోకుంట బతికిన. ఎట్లైన ముసల్ది, బిడ్డ దగ్గర నిమ్మలంగ ఉంటది అనుకున్న. మనిషికి తప్పు చేసుడు కన్న దానికి సాకులు చెప్పుకునుడు మంచిగొస్తది, నాకైతె ఇంకా మంచిగొస్తది.

పోయిన ఎండకాలం జనగామ పోయిన, తమ్ముని కొత్త ఇంట్ల పాలు పొంగిచ్చుకున్నరు. తమ్ముని బిడ్డ, అంటె నా మేనకోడలు, అక్కడనే ఒక దవాఖానల నర్సు. తిన్నంక ఆడోళ్లంత ముచ్చట్ల వడ్డరు. నేను సామాన్ల రూముల జర నడుం వాలుద్దామని పోయిన. తలుపేసుకున్న, ఎవలు ఇనరులే అనుకున్న. లేచేసరికి మేనకోడలు నా పక్కన ఫోన్ వట్టుకొని కూసున్నది.

"అత్తమ్మా, ఇది చూడు" అన్నది.

వీడియో తీసింది. నాకు నెత్తికెక్కింది. "నా ఇజ్జత్ తియ్యనీకె తీసినవా? తీసెయ్, ఇప్పుడే తీసెయ్" అని ఫోన్ గుంజుకోబోయిన. ఆ పిల్ల గట్టిది. ఫోన్ ఇడవలే. "గురక గాదు అత్తమ్మా, గురక ఆగినప్పుడు చూడు" అన్నది.

చూసిన. నోరు తెరుసుకొని ఉన్నది ఒక బొద్దు ఆడిది, నేనే. గురకకు గోడలు అదురుతున్నయి. ఒక్కసారి సప్పుడు ఆగింది. మంచిగైంది కదా అనుకున్న. కని కడుపు ఎగురుతాంది, రొమ్ము గుంజుతాంది, గాలి మాత్రం పోతలేదు. మేనకోడలు నా పక్కన వేళ్ల మీద సెకండ్లు లెక్కవెడుతాంది. చూస్త చూస్త నేనే దమ్ము వట్టుకున్న, ఇగ నావల్ల గాలే, ఇడిసిన. వీడియోల ఆమె ఇంకా ఇడవలే. తర్వాత నీళ్లల్ల మునిగినోళ్లు పైకొచ్చినట్టు బర్రున ఒక్క దమ్ము గుంజి, మల్ల గురక.  సిగ్గు ఎటు పోయిందో పోయింది, భయమైంది.

ఆ వారమే హన్మకొండల పెద్ద డాక్టర్ దగ్గరికి తోలుకపోయింది. గురక వస్తదా అని ఆయన అడిగేలోపే మేనకోడలు వీడియో ముంగట వెట్టింది. నేను చెప్పే మాటే లేదు. ఆయన నోరు తెరిపిచ్చి చూసిండు, టేపుతోని మెడ కొల్చిండు. ఒక రాత్రి దవాఖానల పండవెట్టి పరీక్ష చేసిన్రు. తలకాయకు, రొమ్ముకు, కాళ్లకు వైర్లు, ముక్కుకు సన్నపైపు, వేలికి క్లిప్పు. ఇన్ని వైర్ల నడుమ ఎవలన్న పండుకుంటరా అనుకున్న. నేను పండుకున్న. గంటకు ముప్పైసార్లకు మించి దమ్ము ఆగుతాందని తెల్లారి రిపోర్టు వచ్చింది.

స్లీప్ ఆప్నియా అంటరట దీన్ని. డాక్టర్ మాకు సమజయ్యేటట్టు చెప్పిండు. "మీది ఎవుసం ఇల్లేనా? మోటరు నీళ్లు గుంజేటప్పుడు మెత్తటి పైపు పెడితె ఏమైతది?" అని అడిగిండు. మా ఆయన, "లోపటికి అతుక్కుంటది సార్, నీళ్లు రావు" అన్నడు. కుతికె, అంటె గొంతు లోపట, గట్లనే అతుక్కుంటదట. మెల్కువగ ఉన్నప్పుడు కుతికెల కండలు బిర్రుగ ఉంటయి, తొవ్వ తెరిచి ఉంటది. నిద్రల అవి వదులైతయి. మెడ చుట్టు ఒళ్లున్నోళ్లకు, దవడ చిన్నగున్నోళ్లకు తొవ్వ మూసుకపోతది. రక్తంల ఆక్సిజన్ తగ్గుతది. మెదడు భయపడి కొట్టి లేపుతది. లేచినట్టు మనకు యాదుండదు, మల్ల పండుకుంటం, మల్ల మూసుకుంటది. రాత్రంత ఇదే లొల్లి. గందుకే తలనొప్పి, గందుకే ఒంటికి లేచుడు, గందుకే బీపీ మందులకు లొంగలే. ముట్లు ఆగే వయసుల ఆడోళ్లకు ఇది ఎక్కువైతదట, కని సిగ్గుకు చెప్పరట. ఆయన అది మామూలుగనే అన్నడు. నేను తల దించుకున్న.

నిద్రగోలీల ముచ్చట చెప్తె డాక్టర్ మొఖం మారింది. ఆ గోలీలైనా, కల్లైనా, సారా అయినా కుతికెను ఇంకా వదులు చేస్తయి, అడగకుంట ఎప్పుడూ ఏసుకోవద్దన్నడు. తక్కువున్నోళ్లకు బరువు తగ్గితె, పక్కకు తిరిగి పండుకుంటె సాల్తది. కొందరికి దవడ ముంగటికి గుంజే పళ్ల తొడుగు ఇస్తరు. ఒక్కొక్కలకు ఆపరేషన్ పనికొస్తది. నాకు మాత్రం మిషనే అన్నడు, సీపాప్ అని. ముక్కుకు మాస్కు పెట్టుకుంటె పైపుల నుంచి గాలి నూకుతనే ఉంటది, ఆ గాలికి కుతికె అతుక్కోదు. రోగం పోదు, పెట్టుకున్న రాత్రి మంచిగుంటది, కండ్లద్దాల తీర్గ. పెట్టుకోకపోతె మల్ల మొదటికే.

మొదటి పది రోజులు నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. మాస్కు ముక్కు మీద ఒత్తుతది. పక్కకు తిరిగితె గాలి కండ్లల్ల కొడతది. ముక్కు ఎండుతది. ఒకనాడు గుంజి అవతల పారేసిన. మా ఆయన లేచి, ఏమనకుంట తెచ్చి, పట్టీలు సరిజేసి పెట్టిండు. మేనకోడలు ఫోన్ల చెప్తె మాస్కు సైజు మార్చుకున్నం, గాలి తడిగ రానీకి డబ్బల నీళ్లు పోసుడు నేర్సుకున్నం. మాస్కు సబ్బునీళ్లతోని కడిగి ఆరేసుడు ఇప్పుడు నా పొద్దుటి పని. రాత్రిపూట బువ్వ తగ్గిచ్చిన, పొద్దుమూకి నడుస్తున్న.

నెల తిరిగేసరికి ఒకనాడు పొద్దుగాల లేస్తె తలనొప్పి లేదు. వాకిట్ల నిలబడితె ఎండ పచ్చగ, సాఫ్‌గ కనవడ్డది. ఇన్నేండ్ల సంది నేను మబ్బుల బతికిన్నా అని ఏడుపొచ్చింది. సెంటర్ల పిల్లలకు పాట మొదటి నుంచి చివరిదాక చెప్పిన. మధ్యాహ్నం కన్నంటలే. పిల్లలు పండుకున్నరు, నేను గొళ్లెం పెట్టి కూసున్న. గంట సేపు ఖాళీగ, మెల్కువగ కూసున్న. అప్పుడు తెలిసింది, ఇగ తప్పిచ్చుకునే జాగ లేదని.

ముందుగాల నాకు ఒక రకం నిమ్మలమైంది, అబద్ధం చెప్పను. ఇది రోగం, నీ తప్పు గాదు అని డాక్టర్ అన్నడు, మా ఆయన అన్నడు, మేనకోడలు అన్నది. వాళ్లకు ఆ కాయిదం ముచ్చట తెల్వదు. నిద్రపోయింది రోగం వల్లనే, ఒప్పుకుంట. కని తెల్లారి పది గంటలకు పెన్ను వట్టుకొని రాసినప్పుడు నాకు నిద్ర లేదు. మంచి సోయిల ఉండి రాసిన. ఆ రోగాన్ని ఈ పని మీద కప్పుదామని రెండు నెలలు కొట్లాడిన నాతోని నేను. కప్పలేకపోయిన.

సెలవు పెట్టి ఇద్దరం ఆయమ్మ కాడికి ఎల్లినం. మా ఆయనకు తొవ్వల చెప్పిన అంత. భూపాలపల్లిల బస్సు మారేదాక ఆయన కిటికిల నుంచి బయటికే చూసుకుంట కూసున్నడు. కాటారంల దిగి ఆటోల లోపటి ఊరికి పోయినం. ఆయమ్మ అల్లుని పొలం కాడ ఉన్నది, ఒడ్డు మీద గడ్డి కోస్తాంది. నన్ను చూసి కొడవలి పక్కకు వెట్టి, "పిల్లలు మంచిగున్నరా బిడ్డా" అని అడిగింది. ఫలానా పోరడు ఇంకా మట్టి తింటాండా అని అడిగింది. నేను ఒడ్డు మీద కూసొని గడగడ చెప్పిన. రోగం చెప్పిన, మిషన్ చెప్పిన. మస్తుసేపు రోగమే చెప్పిన. మల్ల కాయిదం ముచ్చటకు వచ్చిన.

"నువ్వు నిద్రపోయినవని రాసిన ఆయమ్మా. గొళ్లెం అని రాయలే."

"ఎరుకే" అన్నది.

నాకు సమజ్ గాలే. ఆమె గడ్డి మోపు దిక్కు చూసుకుంట చెప్పింది. "ఇరవై ఏండ్లు నువ్వు పోరలకు అఆలు చెప్తాంటె నేను గోడవతల ఉన్ననా? ఇనుకుంట నేర్సుకున్న. ఆ కాయిదం సదివిన బిడ్డా, ఆనాడే సదివిన. ఏం రాసినవ్ అని గందుకే అడిగిన. నువ్వు చింపుతవేమో అని జరసేపు చేతిల వట్టుకొని ఉన్న."

"మల్ల సంతకం ఎందుకు పెట్టినవ్?"

"ఉన్నదే రాసిన అంటివి. ఇగ నేనేమనాలె?"

కాళ్లు మొక్కబోయిన. జరిగి నిలబడ్డది. మొక్కనియ్యలే. ఆఫీసుకు నిజం రాసిన కాయిదం సంచిల ఉన్నది, తీసి చదివిన. ఇన్నది. "నీ కొలువు పోతె ఎట్ల" అన్నది ముందు. పోతె పోనీ అన్న. "ఆపీసుకు ఇచ్చుడు ఇయ్యకపోవుడు నీ ఇష్టం, నేనిగ మల్ల గిన్నెలు తోమనీకి రాను. కని ఆ పోరి తల్లికి చెప్పు. ఆ తిట్లు ఇంకా ఇనవడ్తయి నాకు" అన్నది. అన్నం తినమని బిడ్డ పిలిచింది. ఆయమ్మ కొడవలి తీసుకున్నది. మేము తినకుంట వచ్చినం.

ఆఫీసుల కాయిదం ఇచ్చిన. మేడం రెండుసార్లు సదివి, "ఎందుకమ్మా ఇప్పుడు ఇదంత" అన్నది. తీసుకున్నది. విచారణ అంటున్నరు. కొలువు ఉంటదో పోతదో నాకు తెల్వదు. ఉండాలని ఆశ ఉన్నది, లేదని చెప్తె మల్ల అబద్ధమే.

ఆ తెల్లారి పొద్దుగాల ఆ తల్లి ఇంటికి పోయిన. వాకిట్ల మిరపకాయలు ఆరవోస్తాంది. పోరి ఇప్పుడు ఆరేండ్లకు దగ్గర, గడపల కూసొని పలక మీద గీతలు గీస్తాంది. "రా టీచర్" అని తల్లి లేవబోయింది. నిలబడే చెప్పిన. రోగం ముచ్చట ఎత్తలే. ఆనాడు పండుకున్నది నేను, గొళ్లెం పెట్టంది నేను, ఆయమ్మ పండుకున్నదని అబద్ధం రాసింది నేను అని చెప్పిన. మూడు మాటలే.

ఆమె చేతుల మిరపకాయలు చాట్ల ఏసింది.  నన్ను తిడ్తదనుకున్న, తిడితె జర అల్కనైతదనుకున్న. తిట్టలే.

"ఆమెను నేను అన్ని మాటలంటి. నీ ఇంట్ల పీనుగెల్ల అంటి. అవన్ని ఇప్పుడేం చెయ్యాలె టీచర్?" అని అడిగింది.

 ఆయమ్మది ఫోన్ నెంబరు ఇయ్యమన్నది, చెప్పిన. చేతులు కడుక్కొని ఫోన్ వట్టుకొని లోపటికి పోయింది. పోతపోత బిడ్డను గూడ చెయ్యి వట్టి లోపటికి తీసుకపోయింది. నేను వాకిట్ల నిలబడ్డ. కూసో అని ఎవలూ అనలే.